ఎక్కడున్నాడో చెప్పాలి

ఆ దేశం పేరు ఇక్కడ రాయను. ఉద్యోగంలో చేరినప్పుడు ఒప్పుకున్న షరతుల్లో అదొకటి. పేరు లేకపోయినా చెప్పడానికి పెద్ద ఇబ్బంది లేదు. రెండు భాషలు మాట్లాడే రెండు జాతులు చాలా ఏళ్ళు కొట్టుకుని, అలిసిపోయి, బయటివాళ్ళు మధ్యలో కూర్చుంటే సంతకాలు పెట్టి యుద్ధం ఆపుకున్న దేశం అది. ఆపాక కొత్త రాజ్యాంగం రాసుకోవాలి. రాసే కమిటీ రాజధానిలో కూర్చుంటే బయట రోజూ ఊరేగింపులు, బెదిరింపులు. అందుకని మిగిలిన అధ్యాయాలు ఎక్కడైనా దూరంగా, తమని ఎవరూ గుర్తుపట్టని ఊళ్ళో పూర్తిచేద్దామనుకున్నారు. ఆ ఊరు జర్మనీలోని లైప్‌జిగ్ అయింది.

నేను లైప్‌జిగ్ వచ్చింది మా ఆయన ఉద్యోగానికి ఇచ్చిన బ్లూ కార్డు వీసా పుణ్యాన. అంతకుముందు వరంగల్ జిల్లా కోర్టులో జూనియర్‌ని. అక్కడ సాక్షి తెలుగులో చెప్తాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకి చెప్తారు. చివర్లో సాక్షికి చదివి వినిపించామనీ, సరిగ్గానే ఉందని అతను ఒప్పుకున్నాడనీ ఒక వాక్యం పడుతుంది. సాక్షి సంతకమో వేలిముద్రో వేసి బయటికొచ్చి, "నేను చెప్పిందే రాసిన్రా అమ్మా?" అని మమ్మల్ని అడిగేవాడు. రాశారనే చెప్పేదాన్ని. చాలాసార్లు అది నిజమే. కాకపోతే అతను "గుంజుకపోయిన్రు" అన్నది కాగితం మీదికి వచ్చేసరికి "తీసుకువెళ్ళారు" అయ్యేది. మనిషి నోటి మాటకీ కాగితం మీది మాటకీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో నాకు ఆ వరండాల్లోనే తెలిసింది.

ఇక్కడికొచ్చాక జర్మన్ నేర్చుకుని, మళ్ళీ మాస్టర్స్ చదివి, యుద్ధాల నుంచి బయటపడ్డ దేశాలు చట్టాలు రాసుకోవడానికి సాయం చేసే ఒక చిన్న సంస్థలో చేరాను. నా పని ముసాయిదా పాఠం చూసుకోవడం. కమిటీ గదిలో గోడకి తెర ఉంటుంది. తెర మీద ఆ పూట చర్చించే వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని మార్చే కీబోర్డు నా ముందు ఉంటుంది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప నేను కామా కూడా కదపకూడదు. ఒప్పుదల కుదరని మాటల్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. కుదిరాక బ్రాకెట్లు తీసెయ్యాలి. అంతే ఉద్యోగం.

ఈ కమిటీకి నన్నెందుకు పెట్టారని మా డైరెక్టర్‌ని అడిగాను. ఆవిడ జర్మన్, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన లాయరు. "మీ దేశం ఎప్పుడూ వాళ్ళ యుద్ధంలో తలదూర్చలేదు. మీకు వాళ్ళ రెండు భాషలూ రావు. ఇంతకంటే అర్హత ఏం కావాలి?" అంది.

ఫిబ్రవరిలో వాళ్ళు దిగారు. పది మంది దాకా ఉంటారు, రెండు వైపుల నుంచీ సగం సగం. నేను చెప్పబోయేది వాళ్ళలో ఇద్దరి గురించి. ఇంట్లో కూడా పేర్లు చెప్పకూడదు కాబట్టి మా ఆయన దగ్గర వాళ్ళకి నేను పెట్టుకున్న పేర్లతోనే మాట్లాడేదాన్ని. ఒకావిడ మేడం. ఇంకొకాయన లెక్కల సార్.

మేడం ప్రభుత్వం వైపు. రాజధాని భాష ఆవిడ భాష. చిన్న ఊళ్ళో మేజిస్ట్రేటుగా మొదలుపెట్టి హైకోర్టు దాకా వెళ్ళి రిటైరయ్యారు. అందరికంటే ముందొచ్చి, కుర్చీని బల్లకి సమంగా జరుపుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చునేవారు. లెక్కల సార్ కొండల వైపు. యుద్ధానికి ముందు స్కూల్లో లెక్కలు చెప్పేవారు. తర్వాత అడవిలోకి పోయి కమాండరయ్యారు. యాభై దాటి ఉంటాయి. చట్టం వాక్యాల్ని ఆయన సమీకరణాల్లాగా చదివేవారు. "ఈ 'లేదా' ఎక్కడిదాకా పోతుంది? ముందు మాటకేనా, వాక్యం మొత్తానికా?" అని అడిగితే లాయర్లు కూడా ఆగి ఆలోచించుకోవలసి వచ్చేది.

కమిటీలో అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు. ఒకరి భాష ఇంకొకరికి రాక కాదు. లెక్కల సార్ చదువంతా మేడం భాషలోనే సాగింది. చిన్నప్పుడు స్కూల్లో సొంత భాష మాట్లాడితే దెబ్బలు పడేవట. మా గదిలో ఆయన ఆ చదువుకున్న భాషలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మొదట్లో పని సాఫీగా సాగింది. పార్లమెంటు, ఓటు వయసు, జెండా రంగులు. జెండా దగ్గర గొడవవుతుందనుకున్నాం, కాలేదు. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆయన కుక్కర్ పెడుతూ అడిగేవాడు.

"ఇయ్యాల ఏం చేసిన్రు?"

"పార్లమెంటు అయిపోయింది."

"ఒక్క పూటలనా? మా ఆఫీసుల బటన్ రంగు మార్చాలంటె నెల పడ్తది."

తర్వాత హక్కుల అధ్యాయం వచ్చింది. అందులో నిర్బంధం గురించిన అధికరణం దగ్గర ఆగిపోయాం. తెర మీద ఉన్న వాక్యం నా తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: నిర్బంధంలోకి తీసుకున్న వ్యక్తి ఎక్కడున్నదీ రాజ్యం వీలైనంత త్వరగా అతని కుటుంబానికి తెలియజేయాలి.

"'వీలైనంత త్వరగా' తీసెయ్యండి," అన్నారు లెక్కల సార్. "ఎవరి వీలు అది? పట్టుకున్నవాడిదా, ఇంట్లో కూర్చున్నవాళ్ళదా?"

మేడం తల అడ్డంగా ఊపారు. "కొండల్లో స్టేషన్లున్నాయి. ఫోన్లు పనిచెయ్యవు. వానాకాలం దారులుండవు. చెయ్యలేనిది రాజ్యాంగంలో రాస్తే మొదటిరోజే దాన్ని ఉల్లంఘించడం మొదలుపెడతాం."

"మనిషిని తీసుకుపోవడానికి దారి ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి ఉండదు."

"సరే, మార్చడమే అయితే 'రాజ్యం' అన్న మాట కూడా మారుద్దాం. 'ఎవరు నిర్బంధించినా' అని రాద్దాం. మీరు అడవిలో ఎంతోమందిని ఉంచుకున్నారు. వాళ్ళ ఇళ్ళకి ఎవరు చెప్పారు?"

"రాజ్యాంగం రాజ్యంతో మాట్లాడుతుంది. మేం రాజ్యం కాదు."

"ఇప్పుడు అవుతున్నారు కదా," అన్నారు మేడం.

ఆ రెండు చోట్లా బ్రాకెట్లు పెట్టాను. మా డైరెక్టర్ మధ్యలోకి వచ్చి, జర్మన్ రాజ్యాంగంలో కూడా ఇలాంటి మాటే ఉందని చెప్పింది. నిర్బంధం గురించి జడ్జి ఏ ఆదేశం ఇచ్చినా బంధువులకి ఆలస్యం చెయ్యకుండా తెలపాలని ఉంది. యుద్ధం ఓడిపోయాక, అంతకుముందు తమ దేశంలో మనుషులు ఎలా మాయమయ్యారో చూశాక రాసుకున్నారట. "ఆలస్యం చెయ్యకుండా అంటే ఎన్ని గంటలు?" అన్నారు లెక్కల సార్. గంటలు రాయలేదనీ, ఆ సంగతి కోర్టులు చూసుకుంటాయనీ ఆవిడ చెప్పింది. ఆయన మేడం వైపు చూసి, "మా దగ్గర కోర్టులు కూడా ఉండేవి," అన్నారు. ఆ వారమంతా ఆ వాక్యం కదల్లేదు.

ఇంట్లో అన్నాలు తింటూ మా ఆయనకి చెప్పాను. "అంటే, పట్కపోయినోళ్ళు ఏడున్నరో చెప్పాల్నని?" అన్నాడు. అంతే అన్నాను. "దానికి ఇన్ని రోజులా?"

మా పాప చెంచా ఆపి, పట్కపోవడమంటే ఏంటని జర్మన్‌లో అడిగింది. తీసుకుపోవడం అని నేనూ జర్మన్‌లోనే చెప్పాను. "కిటా నుంచా?" అంది. జర్మన్‌లో సాయంత్రం కిటా నుంచి, అంటే పసిపిల్లల బడి నుంచి, పిల్లల్ని తెచ్చుకోవడానికీ, పోలీసులు ఇంటికొచ్చి మనిషిని పట్టుకుపోవడానికీ ఒకే క్రియ వాడతారు. అవును అన్నట్టు తలూపి పెరుగన్నం కలిపి పెట్టాను.

మా వైపు ఆ తెలుగు మాట వినకుండా పెరిగినవాళ్ళు తక్కువ. నేను బళ్ళో చదివేటప్పుడు మా వాడకట్టులో ఒకామె కొడుకుని అలాగే పట్టుకుపోయారు. ఎవరు తీసుకుపోయారో కూడా సరిగ్గా తెలీదు. ఆమె చెప్పులు తెగేలా తిరిగింది. వెళ్ళిన ప్రతిచోటా మా దగ్గర లేడనే అన్నారు. కొన్ని వారాలకి అతను తనంతట తనే వచ్చాడు. ఎక్కడున్నావని అడిగితే మాట మార్చేవాడు. తర్వాత ఆటో నడుపుకుని బతికాడు. వకీలునయ్యాక, మనిషి ఎక్కడున్నాడో చూపించమని హైకోర్టులో వేసే పిటిషన్లు మా సీనియర్ రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. వాటన్నిటిలోనూ అడిగేది ఒకటే ఉండేది.

ఆ శనివారం లెక్కల సార్ పచ్చిమిరపకాయలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. గెస్ట్‌హౌస్ తిండికి నాలుక చచ్చిపోయిందన్నారు. ఊరికి తూర్పు వైపు మేం సరుకులు తెచ్చుకునే ఏషియన్ షాపు ఉంది, తీసుకెళ్తానన్నాను. అల్లం కావాలని మేడం కూడా బయల్దేరారు. ముగ్గురం ట్రామ్ ఎక్కాం. నాకు నెలవారీ పాసుంది. వాళ్ళిద్దరూ స్టాపు దగ్గర మిషన్లో టికెట్లు కొన్నారు. మేడం ఎక్కగానే తన టికెట్టుని స్టాంపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకున్నారు. లెక్కల సార్ తనది కోటు జేబులో పెట్టుకుని వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నారు. మేడం వేరే వరసలో కూర్చున్నారు.

కొన్ని స్టాపులు దాటాక, అప్పటిదాకా మామూలు ప్రయాణికుల్లా కూర్చున్న ఇద్దరు మగవాళ్ళు తలుపులు మూసుకోగానే లేచారు. జీన్సు, జాకెట్లు. టికెట్లు చూపించమని జర్మన్‌లో అన్నారు. ఇక్కడ చెకింగ్ వాళ్ళు ఇలాగే వస్తారు. మాకు అలవాటే. లెక్కల సార్‌కి ఆ మాట అర్థం కాలేదు. ఆయనకి కనిపించింది తలుపులు మూసుకోవడం, మఫ్టీలో ఉన్న ఇద్దరు లేవడం. ఆయన లేచి తొందర లేకుండా తలుపు వైపు నడిచారు. ఒకతను అడ్డొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన విదిలించారు. ఆ విసురుకి అతని వీపు వెళ్ళి ఇనప కడ్డీకి కొట్టుకుంది.

ఎవరూ అరవలేదు. జనం ఫోన్లలోంచి తలెత్తి మళ్ళీ దించుకున్నారు. నేను వెళ్ళి జర్మన్‌లో చెప్పుకొచ్చాను. ఆయన జేబులోంచి టికెట్టు తీసి చూపించారు, దాని మీద ముద్ర లేదు. అప్పటికి సంగతి టికెట్టు దాటిపోయింది. తర్వాతి స్టాపులో అందరం దిగాం. వాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు.

వచ్చింది ఒక చిన్న వయసు ఆవిడా, ఒక పెద్దాయనా. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. పాస్‌పోర్టు గెస్ట్‌హౌస్‌లో ఉండిపోయింది కాబట్టి, ఆయన ఎవరో తేలేదాకా స్టేషన్‌కి రావాలన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయనకి కారు చూసి అర్థమైంది. రంగు మారలేదు గానీ ముఖం ఒక్కసారి ఖాళీ అయిపోయింది. చేతులు జేబుల్లోంచి తీసి, అందరికీ కనిపించేలా ముందుకి పెట్టుకున్నారు. ఎవరూ పెట్టమనలేదు.

"నా చెల్లెలికి ఫోన్ చెయ్యండి," అన్నారు నాతో. నంబరు చెప్పారు. "నేను బాగున్నానని చెప్పక్కర్లేదు. ఎక్కడున్నానో చెప్పండి."

ఏ స్టేషన్ అని పోలీసావిడని అడిగాను. వీధి పేరు చెప్పింది. నేను రాసుకోవడం చూసి మళ్ళీ నిదానంగా చెప్పింది. మీరూ వెనకే రావచ్చంది. కారు కదిలాక చెల్లెలికి ఫోన్ చేశాను. ఆమెకి ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. ఊరి పేరు, వీధి పేరు అక్షరం అక్షరం చెప్పించుకుంది. తిరిగి చదివి వినిపించింది. ఎందుకు తీసుకెళ్ళారని అడగలేదు. "ఆయనతో ఎవరున్నారు?" అంది. పక్కన మేడం నిలబడి ఉన్నారు. "మీ దేశం ఆవిడ ఒకరున్నారు," అన్నాను.

స్టేషన్లో గోడకి వరసగా కుర్చీలున్నాయి. మేమిద్దరం కూర్చున్నాం. డైరెక్టర్ గెస్ట్‌హౌస్ నుంచి పాస్‌పోర్టు తీసుకొస్తోంది. కాసేపటికి మేడం, "ఆయన ఎక్కడున్నారో అడగండి," అన్నారు. అడిగాను. లోపలి గదిలో ఉన్నారని చెప్పారు. ఇంకాసేపటికి, "మళ్ళీ అడగండి," అన్నారు.

"ఇప్పుడే కదా మేడం అడిగాను."

"ఇంకా అదే గదిలో ఉన్నారా అని అడగండి."

నేను మళ్ళీ వెళ్ళాను. ఆ పోలీసావిడ మమ్మల్ని ఒకసారి చూసి, లేచి వెళ్ళి లోపలి తలుపు తెరిచి పట్టుకుంది. బల్ల ముందు లెక్కల సార్ కూర్చుని ఉన్నారు. ముందు కాగితం కప్పులో కాఫీ. తాగలేదు. మేడం ఆయన్ని చూసి, తలాడించి, వచ్చి కూర్చున్నారు.

"ఇన్నేళ్ళ ఉద్యోగంలో తలుపుకి ఈ పక్క ఎప్పుడూ కూర్చోలేదు," అన్నారు నాతో.

పాస్‌పోర్టు వచ్చింది. నకలు తీసుకున్నారు. చెకింగ్ అతను దెబ్బేం తగల్లేదని, కేసు అక్కర్లేదని చెప్పాడట. టికెట్టు జరిమానా పోస్టులో వస్తుందన్నారు. బయటికొచ్చాక డైరెక్టర్ తన కార్లో వెళ్ళిపోయింది. మేం ముగ్గురం పక్కనే ఉన్న బేకరీలో కూర్చున్నాం, నడిచే ఓపిక ఎవరికీ లేక. మేడం, నేను కాఫీ తీసుకున్నాం. ఆయన ఏమీ వద్దన్నారు. కొంతసేపు కిటికీలోంచి చూసి, మేడం వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంగ్లీషు కాదు. ఆవిడ భాష. గొంతు పెంచలేదు, చేతులు కదపలేదు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆవిడ మధ్యలో ఒక చిన్న మాట అని, తర్వాత ఒకే ఒక ప్రశ్న అడిగారు. ఆయన ఒక మాటలో జవాబిచ్చారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను, పక్క బల్ల మనిషిలాగా.

సోమవారం పొద్దున మిగతావాళ్ళు రాకముందు మేడం నాకు చెప్పారు. నేను అడగలేదు.

"ఆయన తమ్ముణ్ణి నా కోర్టుకి తెచ్చారట. నేను అప్పుడు కొండల కింద ఒక చిన్న ఊళ్ళో మేజిస్ట్రేటుని. పోలీసులు అడిగినట్టే కస్టడీకి రాశాను. ఆ తర్వాత ఆ అబ్బాయిని ఎవరూ చూడలేదు."

"మీకు గుర్తుందా మేడం?"

"లేదు. ఆయనకి అదే చెప్పాను. 'తెలుసు, మీరు తలెత్తలేదు, నేను వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను,' అన్నారు." ఆవిడ కుర్చీ సమంగా జరుపుకున్నారు. "ఆ అబ్బాయి చొక్కా ఏ రంగుదని అడిగాను. గుర్తొస్తుందేమోనని. పచ్చది అన్నారు. అయినా రాలేదు."

ఇంతమందిని కోర్టులకి తెస్తారు, అందరూ ఎలా గుర్తుంటారు అని నేను అనబోయాను. ఆవిడకి అది తెలియక కాదు కాబట్టి అనలేదు.

ఆ పూట సమావేశం మొదలవగానే లెక్కల సార్ నిర్బంధం అధికరణం తెర మీదికి తెమ్మన్నారు. తెచ్చాను.

"'రాజ్యం' తీసెయ్యండి. 'ఎవరు నిర్బంధించినా' అని పెట్టండి."

నేను మేడం వైపు చూశాను, ఆవిడ తలూపారు. ముట్టుకునేలోపే లెక్కల సార్ వైపువాళ్ళలో ఒక యువ లాయరు లేచి వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అన్నాడు. విరామం కావాలన్నారు. వాళ్ళంతా కారిడార్‌లోకి వెళ్ళారు. భోజనాల దాకా తలుపు అవతల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. వాళ్ళలో ఇద్దరు టికెట్లు మార్చుకుని ఇంటికి వెళ్ళిపోతామన్నారని డైరెక్టర్ వచ్చి చెప్పింది. అడవిలో తాము పట్టుకుని ఉంచినవాళ్ళ గురించి రేపు తమనే నిలదీస్తారని వాళ్ళ భయం. ఆ భయం అర్థం లేనిది కాదు.

మధ్యాహ్నం అందరూ తిరిగొచ్చారు. వెళ్ళిపోతామన్నవాళ్ళు కూడా. "ఎవరు నిర్బంధించినా" పోయి, "రాజ్యం లేదా మరే సాయుధ బలగమైనా" అని వచ్చింది. లెక్కల సార్ ఆ "లేదా" ఎక్కడిదాకా పోతుందో తనే చెప్పారు, ఎవరూ అడక్కుండా.

అప్పుడు మేడం, "'వీలైనంత త్వరగా' కూడా వద్దు. 'అదే రోజు' అని రాయండి," అన్నారు.

ఈసారి మేడం వైపువాళ్ళలోంచే ఒక రిటైరైన సైనికాధికారి అభ్యంతరం చెప్పాడు. "కొండల సంగతి మీరే చెప్పారు కదా, అమ్మా. ఫోన్లు లేవు, దారుల్లేవు."

"రేడియోలున్నాయి. ఒకణ్ణి పట్టుకున్నామని పైవాళ్ళకి ఆ రోజే చెప్పుకుంటారు. నాకు తెలుసు, నా కోర్టుకి తెచ్చిన ప్రతి కేసులోనూ ఆ సంగతి ఉండేది."

అతను సరేనన్నాడు. బ్రాకెట్లు తీసేశాను. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ చేతులు కలుపుకోలేదు. తర్వాతి అధికరణం దేశం విడిచి వెళ్ళే హక్కు గురించి. అది టీ లోపే అయిపోయింది. నాకేమనిపించిందో ఆ పూట గమనించుకోలేదు. సాయంత్రం ట్రామ్‌లో మాత్రం, ఎవరూ అడక్కపోయినా, పాసు తీసి ఒకసారి చూసుకున్నాను.

మార్చి చివర్లో వాళ్ళు వెళ్ళిపోయారు. ముసాయిదా వాళ్ళ సభలోకి వెళ్ళింది. అక్కడ చాలా మాటలు మారాయి. "అదే రోజు" పోయి "చట్టం నిర్దేశించిన గడువులోగా" అయింది. "మరే సాయుధ బలగమైనా" అన్నది మాత్రం ఎలాగో మిగిలింది. ప్రజలు ఓటేశారు, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. గడువు చెప్పే చట్టం ఎంతకీ రాలేదు. లెక్కల సార్ కొత్త ప్రభుత్వంలో హోంశాఖకి ఉపమంత్రి అయ్యారు. మేడం మాయమైనవాళ్ళని వెతికే కమిషన్‌కి అధ్యక్షురాలయ్యారు. నేను వేరే దేశం ముసాయిదా చూసుకుంటున్నాను. అక్కడ గొడవంతా నదీజలాల మీద.

కిందటి నవంబర్లో ఆ దేశం వార్తల్లో ఒక చిన్న సంగతి చూశాను. ఊరేగింపులోంచి ఒక లారీ డ్రైవర్‌ని పట్టుకుపోయారు. అతని భార్య ఆ అధికరణం పట్టుకుని కోర్టుకెళ్ళింది. గడువు చెప్పే చట్టమే లేదు కాబట్టి గడువు దాటడమన్న ప్రశ్నే రాదని హోంశాఖ వకీలు వాదించాడు. అంటే లెక్కల సార్ శాఖ వకీలు. చట్టం చెయ్యకపోవడం ప్రభుత్వం తప్పని, ఆ తప్పు చూపించి మనిషిని దాచుకోవడం కుదరదని కోర్టు అంది. సాయంత్రంలోగా చెప్పమంది. చెప్పారు. అతను ఇంకో ఊళ్ళో బారక్స్‌లో ఉన్నాడు. ఒక చెయ్యి విరిగింది. బతికే ఉన్నాడు.

మేడంకి ఫోన్ చేశాను. తీర్పు సంగతి చూశానని చెప్తే, "మంచిది," అన్నారు. ఆవిడ కమిషన్ శవాలు పూడ్చిన చోట్లు వెతుకుతూ కొండల్లో తవ్విస్తోంది. లెక్కల సార్ తమ వైపు చోట్లు కొన్ని స్వయంగా వెళ్ళి చూపించారట. ప్రభుత్వం వైపువాళ్ళు ఇంకా ఒక్క చోటు కూడా చూపించలేదని మేడం అన్నారు.

"సార్ మాట్లాడుతుంటారా?"

"తీర్పు వచ్చిన రోజు ఫోన్ చేశారు. మా వకీలు సరిగ్గా వాదించలేదు అన్నారు. సరిగ్గా వాదించొద్దని మీరే చెప్పారా అని అడిగాను. నవ్వి, కొండల్లో వానల సంగతి మాట్లాడారు."

"తమ్ముడి విషయం ఏమైనా తెలిసిందా?"

"లేదు. అతణ్ణి తీసుకుపోయిన స్టేషన్ యుద్ధంలో కాలిపోయింది. అక్కడ పనిచేసినవాళ్ళలో ఒకడు బతికున్నాడు. రెండుసార్లు కబురు పంపాను, రాలేదు. వచ్చే వారం నేనే వాళ్ళ ఊరికి వెళ్తున్నాను."

మీరు వెళ్తున్నట్టు సార్‌కి తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. తనూ వస్తానన్నారట, కమాండర్‌ని చూస్తే ఆ మనిషి నోరు విప్పడని ఈవిడే వద్దన్నారట. ఇంకేదో చెప్పబోయి ఆగారు. గదిలోకి ఎవరో వచ్చినట్టున్నారు. ఎవరో పెద్దాయన, కొడుకు ఎక్కడున్నాడో అడగడానికి వచ్చి పొద్దుటి నుంచి బయట కూర్చుని ఉన్నారట. ఆయనతో మాట్లాడాలి, ఉంటాను అని ఫోన్ పెట్టేశారు.